ఏకగ్రీవం అన్న మాట వెనుక

ప్రతి ఏటా ఈ నివేదికలో పొదుపు ఎంత, బ్యాంకు లింకేజి ఎంత, వసూలు ఎంత అని పట్టికలు వేస్తున్నాం. ఈసారి కూడా ఆ పట్టికలు ముందు పేజీల్లో ఉన్నాయి. వాటితో పాటు ఈ ఏడాది ఇంకొక లెక్క కూడా రాయాలనుకున్నాం. అది పైసల లెక్క కాదు. మన సంఘాల్లో ఒక నిర్ణయం ఎట్ల జరుగుతుంది, ఆ పద్ధతి మన దాకా ఎక్కడెక్కడి నుంచి నడిచి వచ్చింది అన్న లెక్క.

ఇది రాయడానికి ఒక కారణం ఉంది. మన మండలంలో ఒక ఊరు, ఒక సంఘం. ఊరి పేరు, అక్కల పేర్లు రాయడం లేదు. పన్నెండు మంది సభ్యులు. చాలా ఏళ్ళ సంఘం, కిస్తు ఎన్నడూ తప్పలేదు. బ్యాంకు లోను వచ్చినప్పుడు పన్నెండు మందికి సమానంగా పంచుకున్నట్టు తీర్మానం పుస్తకంలో రాసి ఉంది. అసలుకు పైసలు పోయింది నలుగురి ఇండ్లకే. పత్తి ధర పడిపోయిన ఏడు ఆ నలుగురిలో ఇద్దరు కిస్తు కట్టలేకపోయారు. అప్పుడు మిగతా ఎనిమిది మందికి తెలిసింది, తీసుకోని అప్పుకు తాము బాకీదార్లమని.

గ్రామైక్య సంఘం కూర్చుంది. లీడరక్క ఏడ్చింది, కోపం కూడా చేసింది. "నేను దొంగతనం చేసిన్నా? మీరే కదా సంతకాలు పెట్టిన్రు" అన్నది. పుస్తకం తెరిచి చూస్తే పన్నెండు సంతకాలూ ఉన్నాయి. పైన వరుసలో "సభ్యులందరూ ఏకగ్రీవంగా తీర్మానించడమైనది" అని ఉంది. ఆ మాట అబద్ధం అని ఎవరూ అనలేకపోయారు. నిజం అని కూడా ఎవరూ అనలేకపోయారు.

ఎప్పుడు మొదలైంది అని అడుగుతూ పోతే కరోనా ఏడాది దగ్గర ఆగింది. 2020లో మీటింగులు బంద్ అయినప్పుడు పుస్తకం ఇల్లిల్లూ తిరిగేది. గుమ్మంలో నిలబడి సంతకం పెట్టి లోపలికి పోయేవాళ్ళం. ఆ రోజుల్లో వేరే దారి లేదు. తర్వాత మీటింగులు మొదలైనా అలవాటు పోలేదు. పత్తి ఏరే కాలంలో పొద్దుగూకి ఇంటికి వచ్చిన మనిషికి మీటింగు కంటే సంతకమే సులువు.

ఆ సంఘం ఇప్పుడు నిలదొక్కుకున్నది. ఎట్లనో చివర్లో రాస్తాం. ముందు ఆ "ఏకగ్రీవం" అన్న మాట సంగతి చూద్దాం. గ్రీవం అంటే మెడ. ఏకగ్రీవం అంటే ఒకే మెడ. అందరి తలలూ ఒక్క మెడ మీద ఉన్నట్టు ఒకే దిక్కు తిరగడం. కానీ పన్నెండు మందికి పన్నెండు మెడలున్నాయి. వాటిని ఒక మాట మీదికి తేవడానికి మన ముందు తరాలు, మన తరం ఏం చేశాయన్నదే ఈ వ్యాసం.

రచ్చబండ, మర్రిచెట్టు

అందరూ కలిసి కూర్చుని మాట్లాడుకోవడం మన ప్రాంతానికి కొత్త కాదు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో ప్రతి పుష్యమాసం అమావాస్యకు నాగోబా జాతర జరుగుతుంది. జాతరకు ముందు మెస్రం వంశం వాళ్ళు గోదావరి జలం కోసం కాలినడకన పోతారు. ఏ దారిన పోవాలి, ఎక్కడ ఆగాలి అన్నది ఒక్కరు చెప్పరు. వంశం పెద్దలు కేస్లాపూర్‌లో కూర్చుని మాట్లాడి తేలుస్తారు. అదే జాతరలో దర్బార్ జరుగుతుంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడైన తర్వాత, గోండుల బాధలేమిటో తెలుసుకోవడానికి నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పంపింది. అధికారులే ఆదివాసుల దగ్గరకు వచ్చి వాళ్ళ మాట వినాలని ఆ దర్బార్ పెట్టించింది ఆయనే. అడవిలోని మనిషిని వినకుండా అడవి మీద నిర్ణయం చేస్తే ఏమవుతుందో జోడేఘాట్ చూపించిన తర్వాత వచ్చిన ఏర్పాటు అది.

మన పల్లెల్లో రచ్చబండ కూడా అట్లాంటిదే. కానీ రచ్చబండ దగ్గర ఆడవాళ్ళ జాగ ఎక్కడ ఉండేది? పంచాయితీకి ఫిర్యాదు చేసే మనిషిగానో, తప్పు చేసిందన్న మనిషిగానో నిలబడేది. కూర్చుని తీర్పు చెప్పే వరుసలో ఆమె లేదు. ఇంట్లో బిడ్డ పెండ్లి నుంచి ఎడ్లు అమ్మడం దాకా మాట చెప్పే అలవాటు ఆమెకు ఉంది గానీ, నలుగురిలో చెప్పే అలవాటు చేయనియ్యలేదు. మన సంఘాల్లో మొదటి రోజుల్లో కనిపించిన మౌనం అక్కడి నుంచి వచ్చిందే. తెలివి లేక వచ్చిన మౌనం కాదది.

ఒక మనిషికి ఒక ఓటు

సంఘంలో ఎక్కువ పైసలున్న అక్కకు ఒక మాట, తక్కువున్న అక్కకు ఒక మాట అన్న పద్ధతి మనకు లేదు. ఈ సూత్రం ఎక్కడిదో తెలుసుకుంటే బాగుంటుంది. ఇంగ్లండులో రోచ్‌డేల్ అనే ఊరు ఉంది, బట్టల మిల్లుల ఊరు. అక్కడ 28 మంది, నేతపనివాళ్ళు, ఇతర పనివాళ్ళు, కొద్దికొద్దిగా పైసలు జమచేసి 1844 డిసెంబర్ 21న ఒక కిరాణా దుకాణం తెరిచారు. ఊళ్ళో సావుకార్లు కల్తీ పిండి అమ్ముతున్నారని, తూకంలో మోసం చేస్తున్నారని వాళ్ళ బాధ. దుకాణం కంటే వాళ్ళు రాసుకున్న నియమాలు పెద్ద పేరు తెచ్చుకున్నాయి. ఎన్ని వాటాలున్నా ఒక మనిషికి ఒక్కటే ఓటు అన్నది అందులో ఒకటి. ఆడవాళ్ళు కూడా సొంత పేరు మీద సభ్యులు కావచ్చన్నారు. పెండ్లి అయిన స్త్రీకి తన కష్టార్జితం మీద హక్కు ఇచ్చే చట్టం ఆ దేశంలో 1870లో గానీ రాలేదు. అంటే సర్కారు కంటే ముందు ఒక కిరాణా దుకాణం ఆడమనిషిని లెక్కలోకి తీసుకుంది.

అంత దూరం పోకున్నా మన పక్కనే ముల్కనూరు ఉంది. ఉమ్మడి కరీంనగర్ జిల్లా భీమదేవరపల్లి మండలంలో 1956లో అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డి గారు రైతులను కూడగట్టి సహకార గ్రామీణ బ్యాంకు పెట్టారు. రాష్ట్రంలో చాలా సహకార సంఘాలు కాగితాల మీదే మిగిలిపోయిన కాలంలో అది నిలబడింది. తర్వాత 1990 నుంచి సహకార అభివృద్ధి ఫౌండేషన్ ప్రోత్సాహంతో వరంగల్, కరీంనగర్ జిల్లాల పల్లెల్లో మహిళా పొదుపు సంఘాలు మొదలయ్యాయి. ఆ ప్రాంతంలోనే 2000లో ముల్కనూరు మహిళా డెయిరీ మొదలైంది. పాలు పోసే ఆడవాళ్ళే దానికి యజమానులు. డబ్బా పట్టుకొని వరుసలో నిలబడ్డ మనిషే పాల ధర గురించి మహాసభలో మాట్లాడే మనిషి కూడా.

వాటికి ఆసరా అయింది 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం. అంతకుముందు 1964 చట్టం కింద సర్కారు తలుచుకుంటే సంఘం పాలకవర్గాన్ని రద్దు చేసి అధికారిని కూర్చోబెట్టేది. కొత్త చట్టం ప్రకారం సంఘం మంచికీ చెడుకూ సభ్యులదే బాధ్యత. మన మండల సమాఖ్యలు రిజిస్టర్ అయింది ఆ చట్టం కిందనే. అందుకే మన మహాసభలో తప్పు నిర్ణయం జరిగితే దాన్ని సర్దడానికి పైనుంచి ఎవరూ రారు. మనమే సర్దుకోవాలి.

దూబగుంట రాత్రి బడి

మన పొదుపు సంఘాల కథ చెప్పేటప్పుడు నెల్లూరు జిల్లా దూబగుంట చెప్పకుండా ముందుకు పోలేం. అక్కడ అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడులు నడిచాయి. పగలంతా కూలి చేసి వచ్చి దీపం కింద అక్షరాలు దిద్దుకునేవాళ్ళు. చదువుకునే పాఠం సారా గురించి అయితే, మాట వాళ్ళ ఇంటి దాకా వచ్చింది. మొగుని కూలి పైసలు ఎక్కడ పోతున్నాయో అందరూ ఒకరికొకరు చెప్పుకున్నారు. 1992లో సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు జిల్లా అంతా, తర్వాత రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది.

మనం చూడవలసింది ఇక్కడ ఒకటుంది. ఆ ఊళ్ళో అధ్యక్షురాలు లేదు, తీర్మానం పుస్తకం లేదు. కానీ ప్రతి రాత్రి ఒకే చోట కూర్చునే అలవాటు ఉంది. ఒకరి మాట ఇంకొకరు వినే సమయం ఉంది. నిర్ణయం అక్కడ పుట్టింది. ఉద్యమం తర్వాత అదే జిల్లాలో రోజుకు ఒక్క రూపాయి మిగిల్చే పొదుపులక్ష్మి సంఘాలు లేచాయి. సారాకు పోయే రూపాయిని ఇంట్లోకి తిప్పారు.

సంతకం పూచీకత్తు అయిన రోజు

సర్కారు వైపు నుంచి చూస్తే 1982లో డ్వాక్రా పథకం మొదలైంది. గ్రామీణ ప్రాంతాల్లో మహిళా శిశు అభివృద్ధి అని దాని పూర్తి పేరు. మన పెద్దక్కలు ఇప్పటికీ సంఘాన్ని "డ్వాక్రా" అనే అంటారు. గ్రూపుకు 15,000 రూపాయల రివాల్వింగ్ ఫండ్ ఇచ్చేవాళ్ళు. చాలా చోట్ల ఆ ఫండ్ కోసమే గ్రూపు కట్టారు, ఫండ్ పంచుకున్నాక గ్రూపు చెదిరింది. నిర్ణయించడానికి ఏమీ లేని చోట సంఘం నిలవదు. వచ్చినదాన్ని పంచుకోవడం ఒక్కరోజు పని.

మార్పు 1992లో వచ్చింది. దేశంలో 500 సంఘాలకు బ్యాంకు అప్పు ఇప్పించి చూద్దామని నాబార్డు ఒక ప్రయోగం పెట్టింది. భూమి కాగితం లేదు, బంగారం లేదు, రిజిస్ట్రేషన్ కూడా లేదు. బ్యాంకు ఏం చూసి ఇవ్వాలి? సంఘం ఎంత పొదుపు చేసింది, లోపల అప్పులు ఎట్ల తిప్పింది, అందరూ కలిసి ఏం తీర్మానం చేశారు అన్నవే చూసింది. అంటే ఆ రోజు నుంచి మన తీర్మానమే మన పూచీకత్తు. సావుకారి దగ్గర పుస్తెలు పెట్టినట్టు బ్యాంకు దగ్గర మనం మన మాట పెడుతున్నాం. చదవకుండా సంతకం పెడితే పుస్తెలు లెక్కబెట్టకుండా చేతికిచ్చినట్టే.

1995లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో కర్నూలు, మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లో పేదరిక నిర్మూలన పథకం నడిచింది. చిన్న సంఘాలను ఊరి సంఘంగా, ఊరి సంఘాలను మండల సమాఖ్యగా కట్టడం అక్కడ గట్టిపడింది. ఓర్వకల్లు అక్కల పేరు అప్పుడే అందరికీ తెలిసింది. దాన్ని చూసి 2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, మనం సెర్ప్ అంటున్నది, ఏర్పడింది. ప్రపంచ బ్యాంకు అప్పుతో వెలుగు పథకం మొదటి విడతలో ఆరు జిల్లాలు తీసుకున్నారు. శ్రీకాకుళం, విజయనగరం, చిత్తూరు, అనంతపురం, మహబూబ్‌నగర్, ఆరోది మన ఆదిలాబాద్. తర్వాత అదే ఇందిరా క్రాంతి పథం అయింది. 2016లో మనం నిర్మల్ జిల్లా అయ్యాం గానీ, మన సమాఖ్య వేరు ఆ వెలుగు రోజుల్లోనే ఉంది.

ముగ్గు, చింతగింజలు

వెలుగు రోజులు చూసిన అక్కలకు ఒకటి గుర్తుండాలి. ఊరి మధ్యన నేల మీద ముగ్గుతో, రంగులతో ఊరి పటం వేసేవాళ్ళం. ఏ ఇల్లు ఎక్కడ, ఏ ఇంట్లో భూమి ఉంది, ఏ ఇంట్లో పొయ్యి రోజూ వెలగదు అన్నది ఊరంతా చూస్తుండగా గుర్తులు పెట్టేవాళ్ళం. నిరుపేదలు, పేదలు, మధ్యతరగతి, ఉన్నవాళ్ళు అని ఊరే తేల్చింది. ఆఫీసులో రాసుకొచ్చిన జాబితా చదివి వినిపించడం వేరు, ఇది వేరు. కాగితం మీద రాస్తే చదువుకున్న ఒక్క మనిషి చేతిలో కలం ఉంటుంది. నేల మీద ముగ్గు అయితే ప్రతి ఆడమనిషికీ వచ్చు. అక్షరం రాని అక్క కూడా "ఆ ఇల్లు అక్కడ కాదు, ఇక్కడ" అని ముగ్గు చెరిపి మళ్ళీ వేసింది. నలుగురిలో ఆమె సరిదిద్దిన మొదటి తప్పు అది.

ఎవరి అవసరం ముందు అని తేలనప్పుడు చింతగింజలు వాడేవాళ్ళం. తలా కొన్ని గింజలు. ఎవరికి ముందు అప్పు కావాలనుకుంటున్నారో ఆ గుర్తు దగ్గర పెట్టాలి. గింజలు మాట్లాడవు కాబట్టి ఎవరి మీదా ఎవరికీ కోపం రాదు. అత్త ఎదురుగా నోరు విప్పలేని కోడలు కూడా గింజ పెట్టింది.

పంచసూత్రాలు అప్పుడే నేర్చుకున్నాం. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, తిరిగి చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. గమనించండి, మొదటిది సమావేశం. పొదుపు రెండోది. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ వచ్చాక మరో అయిదు కలిసి దశసూత్రాలయ్యాయి. ఆ తర్వాత కూడా మొదటిది మొదటిదే. మన రాష్ట్రం నుంచి అనుభవం ఉన్న అక్కలు బీహార్ లాంటి చోట్లకు పోయి సంఘాలు కట్టడం నేర్పారు. భాష రాని ఊరికి పోయి వాళ్ళు మొదట చూపించిన పని గుండ్రంగా కూర్చోవడమే.

మాట లేని మీటింగు

సంఘం అన్న పేరు ఉన్నంత మాత్రాన అది మనది కాదని 2010 చెప్పింది. అంతకుముందు కొన్నేళ్ళుగా మైక్రో ఫైనాన్స్ కంపెనీలు మన పల్లెల్లోకి వచ్చాయి. వాళ్ళు కూడా గ్రూపు కట్టారు, మీటింగు పెట్టారు. కానీ ఆ మీటింగులో మాట్లాడవలసింది ఏమీ లేదు. ఎంత అప్పు, ఎంత వడ్డీ, వారం వారం ఎంత కట్టాలి అన్నీ ముందే నిర్ణయమై వచ్చేవి. ఒకరు కట్టకపోతే మిగతావాళ్ళు ఆమె ఇంటి ముందు కూర్చోవాలి. గ్రూపు అంటే ఒకరి మీద ఒకరు కాపలా అయింది. ఒక్కో ఇంట్లో మూడు నాలుగు అప్పులు చేరాయి. ప్రాణాలు పోయాయి. 2010 అక్టోబర్‌లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి వాళ్ళ వసూళ్ళను కట్టడి చేసింది. మరుసటి ఏడాది, 2011లో, మన సమాఖ్యల వాటాతోనే స్త్రీనిధి మొదలైంది.

అప్పుడు చాలామంది వడ్డీ గురించే మాట్లాడారు. వడ్డీ పెద్ద సంగతే. అయితే అక్కడ మనం పోగొట్టుకున్నది ఇంకొకటి కూడా ఉంది. "ఈ నెల కిస్తు ఆపుదామా, ఆమెకు గడువు ఇద్దామా" అని అడుక్కునే అధికారం. మన సంఘంలో అది మన చేతిలో ఉంది. పుస్తకం ఇల్లిల్లూ తిరిగే సంఘంలో ఆ అధికారం మనమే మన చేతులతో వదిలేసుకుంటున్నాం.

చెప్పి ఒప్పించడం, కూర్చుని ఒప్పుకోవడం

ఒక పాత పరీక్ష గురించి చెప్తాం. రెండో ప్రపంచ యుద్ధం నాడు అమెరికాలో మంచి మాంసం సైన్యానికి పోతున్నది. ఇండ్లలో గుండె, మూత్రపిండాల లాంటి లోపలి మాంసం వండమని సర్కారు చెప్తున్నది. మనం కార్జం, బోటి ఇష్టంగా తింటాం గానీ, అక్కడి వాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు. కర్ట్ లెవిన్ అనే శాస్త్రవేత్త ఆరు మహిళా బృందాలను తీసుకున్నారు. ఒక్కో బృందంలో 13 నుంచి 17 మంది, దాదాపు మన సంఘమంతే. మూడు బృందాలకు మంచి ఉపన్యాసం చెప్పించారు. వండే పద్ధతులు రాసిన కాగితాలు కూడా ఇచ్చారు. మిగతా మూడు బృందాల్లో మాత్రం ఉపన్యాసం లేదు. "మనలాంటి వాళ్ళు ఇది వండకపోవడానికి అడ్డం ఏంది?" అని వాళ్ళనే మాట్లాడుకోమన్నారు. మొగుడు తినడు, వాసన వస్తుంది అని అందరూ అడ్డంకులు చెప్పారు. వాటికి జవాబులు వెతికారు. చివర్లో ఎవరు వండి చూస్తారో చేతులెత్తమన్నారు. తర్వాత ఇండ్లకు పోయి అడిగితే ఉపన్యాసం విన్నవాళ్ళలో 3 శాతం మంది వండారు. మాట్లాడుకుని చేయెత్తిన వాళ్ళలో 32 శాతం మంది వండారు.

దీంట్లో మన మీటింగుకు పనికొచ్చేది ఒకటి ఉంది. చేయెత్తడం చివరి పని. దానికి ముందు అడ్డంకులన్నీ బయటికి రావాలి. మనం చాలాసార్లు ముందు చేయెత్తిస్తాం, అడ్డంకులు ఇంటికి పోయాక ఒకరికొకరు చెప్పుకుంటాం.

మూడు భాషల చాప

మన భైంసా సంగతి వేరే ఊళ్ళ లాంటిది కాదు. ఒక్క చాప మీద అక్క, తాయి, ఆపా ముగ్గురూ కూర్చునే ఊరు ఇది. మహారాష్ట్ర పక్కనే. ఇంట్లో మరాఠీ, బజార్లో ఉర్దూ, పుస్తకంలో తెలుగు. తీర్మానం తెలుగులో గబగబా చదివి "అర్థమైందా?" అంటే మరాఠీ మాట్లాడే తాయి తల ఊపుతుంది. అర్థమై ఊపిందా, మర్యాదకు ఊపిందా అని ఎవరు చూశారు? ఆమె సంతకం కూడా ఏకగ్రీవంలో కలిసిపోతుంది.

ఇంకో సంగతి రాయక తప్పదు. 2008 అక్టోబర్‌లో, 2020 జనవరిలో మన పట్టణంలో గొడవలు జరిగాయి. ఎవరిది తప్పు అన్నది ఈ పుస్తకంలో తేల్చే పని కాదు. పనికి పోలేని ఇండ్లలో అన్నం కుండ ఒక్క తీరుగానే ఖాళీ అయింది. అట్లాంటి రోజుల తర్వాత మీటింగు పెట్టాలంటే ఎవరికైనా జంకు ఉంటుంది. ఎవరి గల్లీలో పెట్టాలి, ఎవరు వస్తారు, ఎవరు రారు. అటువంటప్పుడు సంఘాన్ని కలిపింది పెద్ద మాటలు కాదు. "ఈ నెల కిస్తు ఎట్ల?" అన్న చిన్న ప్రశ్న. ఆ ప్రశ్న అందరిదీ. కలిసి కూర్చుని దానికి జవాబు వెతకవలసి వచ్చింది. రోజూ చిన్నచిన్న నిర్ణయాలు కలిసి చేసే అలవాటు ఉన్నచోట కష్టకాలంలో మాట తెగిపోదు అన్నది మా నమ్మకం.

ఆ ఊరి సంఘం ఏం చేసింది

మొదట్లో చెప్పిన పన్నెండు మంది సంగతికి వద్దాం. సంఘం రద్దు చేసుకుందామని కొందరు అన్నారు. లీడరక్కను తీసేయాలని కొందరు అన్నారు. గ్రామైక్య సంఘం మూడుసార్లు కూర్చుంది. చివరికి పైసలు వాడుకున్న నలుగురు బాకీ తమ పేర్ల మీద రాసుకున్నారు, నెలనెలా కట్టే గడువు అందరూ కలిసి పెట్టుకున్నారు. లీడరక్క తప్పుకుంది గానీ సంఘంలోనే ఉంది. ఆమెను బయటికి పంపితే బాకీతో పాటు మాట కూడా పోతుందని ఒక ముసలవ్వ అన్నది. అందరూ ఒప్పుకున్నారు.

తర్వాత వాళ్ళు పెట్టుకున్న అలవాట్లే ఇప్పుడు మరికొన్ని ఊళ్ళు పాటిస్తున్నాయి. అవి ఇవి.

మీటింగులో ఏం మాట్లాడతారో ఒకరోజు ముందే అందరికీ చెప్పాలి. ఇంటి దగ్గర ఆలోచించుకొని రావడానికి వీలుంటుంది.

అప్పు గురించి మాట్లాడేటప్పుడు లీడర్లు చివర మాట్లాడాలి. లీడరు ముందే "నాకైతే ఇట్ల అనిపిస్తున్నది" అంటే మిగతావాళ్ళ మాట అక్కడే ఆగిపోతుంది.

"ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అని అడగడం మానేయాలి. ఆ ప్రశ్నకు మౌనమే జవాబు. గుండ్రంగా కూర్చుని వరుసగా ప్రతి ఒక్కరినీ "నీ మాట ఏంది?" అని అడగాలి. తేలకపోతే చింతగింజలు ఉండనే ఉన్నాయి.

రాని మనిషి పేరు మీద అప్పు రాయకూడదు. పుస్తకం ఇంటికి పోకూడదు.

సంతకానికి ముందు తీర్మానం గట్టిగా చదవాలి. తెలుగు రాని సభ్యురాలుంటే మరాఠీలోనో ఉర్దూలోనో చెప్పాలి. విన్నాక ఆమే తన మాటల్లో తిరిగి చెప్పాలి. తల ఊపితే చాలదు.

ఒప్పుకోని వాళ్ళుంటే ఏకగ్రీవం అని రాయకూడదు. "ఎనిమిది మంది ఒప్పుకున్నారు, ముగ్గురు ఈ కారణంతో వద్దన్నారు" అని రాయాలి. రేపు ఆ ముగ్గురి మాటే నిజమైతే పుస్తకంలో దొరుకుతుంది.

గ్రామైక్య సంఘానికి, మండల సమాఖ్యకు పోయిన ప్రతినిధి తిరిగి వచ్చి అక్కడేం జరిగిందో సంఘంలో చెప్పాలి.

ఇదంతా తేలిక అని మేము అనడం లేదు. గంటలో అయ్యే మీటింగు రెండు గంటలవుతుంది. పత్తి, సోయా కోతల నాడు రెండు గంటలంటే కూలి పోతుంది. రాత్రి పూట పురిటినొప్పులు వచ్చిన కోడలి కోసం పైసలు కావాలంటే పన్నెండు మందిని పిలిచి గింజలు పెట్టించలేం. అందుకే ఆ సంఘం ఒక హద్దు పెట్టుకుంది. దవాఖానా లాంటి అత్యవసరానికి ఇంత మొత్తం దాకా ఇద్దరు లీడర్లు ఇవ్వవచ్చు, వచ్చే మీటింగులో లెక్క చెప్పాలి. అన్నీ అందరూ నిర్ణయించనవసరం లేదు. ఏది ఎవరు నిర్ణయించాలో మాత్రం అందరూ కలిసి నిర్ణయించాలి.

మహాసభకు ఒక ప్రశ్న

ఈ ఏడు మహాసభ ముందుకు ఒక ప్రశ్న వస్తున్నది. పదవీకాలం అయిపోయిన ఆఫీస్ బేరర్లు తప్పనిసరిగా దిగిపోవాలా, సభ్యులు కోరితే మళ్ళీ ఉండవచ్చా? బ్యాంకు పని, ఆన్‌లైన్ లెక్కలు, ఆఫీసుల్లో మాట్లాడడం పాత అక్కలకు తెలుసు, వాళ్ళు దిగితే పని కుంటుపడుతుందని కొందరి మాట. దిగకపోతే కొత్తవాళ్ళు ఎన్నటికీ నేర్చుకోరని ఇంకొందరి మాట. రెండు మాటల్లోనూ నిజం ఉంది. ఈ వ్యాసం రాస్తున్న మాలో కూడా రెండు అభిప్రాయాలున్నాయి, అందుకే ఇక్కడ ఏదీ తేల్చడం లేదు.

ఒక్కటే అడుగుతున్నాం. మహాసభకు ముందు ప్రతి సంఘం కనీసం ఒక మీటింగు దీని మీద పెట్టండి. వరుసగా అందరినీ అడగండి. మీ తీర్మానం రాసుకొని రండి. ఒప్పుకోని వాళ్ళు ఉంటే వాళ్ళ కారణం కూడా రాసుకొని రండి. అందరూ ఒప్పుకున్నా సరే, ఎందుకు ఒప్పుకున్నారో రెండు వరుసలు రాయండి. ఆ రోజు మనం చేతులెత్తే ముందు ఆ కాగితాలన్నీ చదివి వినిపిస్తాం, తెలుగులో, మరాఠీలో, ఉర్దూలో.